నమలని గింజ

హరినాథ్ గింజను నోట్లో వేసుకుని ఎడమ వైపుకు తోసి కొరకబోయాడు. చెవి ముందర ఎక్కడో టక్ మంది. అంతే, దవడ ఉన్నచోటనే నిలిచిపోయింది.

పైకి రాదు, కిందికి పోదు. కణత దాకా సూది దిగినట్టు నొప్పి. చుట్టూ పదిమంది రైతులు. ఎదురుగా ఆ వేరుశనగ రాశి సొంతదారు బయ్యన్న, పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలాగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. హరినాథ్‌కు తోచింది ఒకటే. గింజను వేలితో బయటికి తీసి నేల మీద పడేశాడు. టవాలుతో మూతి తుడుచుకుని, రేపు వస్తానని చేత్తో సైగ చేసి, మోటార్ సైకిల్ వైపు నడిచాడు.

ఎంత పని చేశాడో నాలుగడుగులు వేశాక తెలిసింది.

కంబదూరు చుట్టుపక్కల వేరుశనగ కొనేదానికి ఒక పద్ధతి ఉంది. వ్యాపారి కళ్ళంలోకి వచ్చి, రాశి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసి, చిట్లించి, గింజ నోట్లో వేసుకుని అందరి ముందూ నములుతాడు. నమిలి మింగాడంటే సరుకు నచ్చినట్టు. ఆపైన ధర కుదరకపోయినా సరుకుకు మాట రాదు. గింజను నోట్లోంచి తీసి నేల మీద వేశాడంటే మాత్రం రాశిలో బూజు ఉందని, చేదు ఉందని అర్థం. ఆ మాట ఎవరూ పైకి అనరు, అనాల్సిన పని కూడా లేదు. పొద్దుగూకే లోపల నాలుగు ఊళ్ళకు తెలిసిపోతుంది. ఇంకో వ్యాపారి ఆ రాశి పక్కన బండి ఆపడు.

"ఏమప్పా, నిలబడు."

ఒకమ్మాయి బండికి అడ్డంగా వచ్చి నిలబడింది. జీన్స్ ప్యాంటు మీద మగవాళ్ళ పాత చొక్కా, తలకు చుట్టిన టవాలు, మోచేతుల దాకా ఎర్రమట్టి. బయ్యన్న కూతురు ఇంద్రాణి. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్ అనీ, కాయలు విడిపించే పనికి సెలవు పెట్టి వచ్చిందనీ ఇందాకే ఎవరో చెప్పారు.

"మా కాయల్లో ఏం చేదుండాదో చెప్పి పో."

హరినాథ్ నోరు తెరవబోయాడు. దవడ వేలెడు సందు కూడా ఇవ్వలేదు. ఏమీ లేదనీ, రేపు మాట్లాడదామనీ పళ్ళ సందున గొణిగాడు. ఆ గొంతు అతనికే విసుక్కున్నట్టు వినబడింది.

"ఏం లేకపోతే ఎందుకు పారేసినావు? మాతో నోరు తెరిచి మాట్లాడేకి గూడా నామోషీనా?"

ఎండకు సగం మూసిన ఆ కళ్ళు అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాయి. సరుకును చూసి తరగతి కట్టే చూపు అది. తనను ఏ తరగతిలో వేసిందో హరినాథ్‌కు అర్థమైంది. చూపు మాత్రం బాగుందని కూడా అర్థమైంది. రెండోది ఆ పూటకు పనికొచ్చే సంగతి కాదు కాబట్టి పక్కన పెట్టి, బండి పక్కకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

*

హరినాథ్ వాళ్ళది కళ్యాణదుర్గంలో మూడు తరాల వేరుశనగ వ్యాపారం. గింజ పంటి కింద విరిగే తీరును బట్టి ఎన్ని రోజుల ఎండ తగిలిందో, ఎన్నాళ్ళు నిలవ ఉంటుందో చెప్పడం ఆ ఇంటి విద్య. తాత చెప్పేవాడు. నాయన రామాంజనేయులు చెప్పేవాడు. నాయనకు కట్టుడు పళ్ళు వచ్చాక ఆ పని హరినాథ్ నోటికి వచ్చింది. తేమ కొలిచే మిషన్ అంగట్లో ఒకటి ఉంది. దాన్ని కళ్ళానికి తీసుకుపోతే రైతు మొహం తిప్పుకుంటాడు. మిషన్ తెచ్చినవాడు తూకంలో తరుగు తీసేకి వచ్చాడని వాళ్ళ లెక్క. ఎదురుగా నిలబడి నమిలి మింగినవాడినే నమ్ముతారు.

కాబట్టి ఆ ఇంటికి పెట్టుబడి గోదాములో లేదు, హరినాథ్ దవడలో ఉంది.

ఆ దవడ రెండు నెలలుగా మొరాయిస్తోంది. పొద్దున లేచేసరికి బిగుసుకుపోయి ఉండేది. ఆవలిస్తే చెవి ముందర చప్పుడు. రోజుకు పాతిక కళ్ళాలు, కళ్ళానికి పది గింజలు, అన్నీ ఎడమ వైపే. ఎక్కడ అరిగిందో అతనికి తెలియక కాదు. ఇంట్లో చెప్పలేదు. జొన్నరొట్టె మాని మూడు పూటలా రాగి సంగటి అడగసాగాడు. సంగటి ముద్దను నమలక్కర్లేదు, పప్పులో అద్ది మింగడమే. ఇన్నాళ్ళకు కొడుక్కు బుద్ధి వచ్చిందని వాళ్ళమ్మ పుష్పావతి వీధంతా చెప్పుకుంది.

దవడ చెడిందని బయటపడితే రైతులంతా ఓబులేష్ దగ్గరికి పోతారు. ఓబులేష్ పోటీ వ్యాపారి. అరవై ఏళ్ళు వచ్చినా ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయని నవ్వి చూపించే మనిషి. అందుకని హరినాథ్ గుట్టుగా అనంతపురంలో ఒక డాక్టరును పట్టుకున్నాడు. నాలుగు రోజులకు గానీ సమయం దొరకలేదు. ఆ నాలుగు రోజులూ బయ్యన్న కళ్ళం వైపు పోలేదు. పోయి ఏం నములుతాడు?

ఐదోరోజు మాస్కు వేసుకుని, టోపీ పెట్టుకుని, ఆస్పత్రి వరండాలో మూలకుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఉన్న అమ్మాయి అతని వైపు రెండుసార్లు చూసింది. ఆకుపచ్చ చుడీదారు, తడి ఆరని జుట్టు. మంచి చూపే అనుకున్నాడు. మూడోసారి ఆ చూపు ఎవరిదో గుర్తొచ్చి టోపీ కిందికి లాక్కున్నాడు.

"మాస్కు ఏసుకున్నా మనిషి తెలుస్తాండాడు లేప్పా. ఈడికెందుకొచ్చినావు? మా చేదు కాయకు పళ్ళు పుచ్చినాయా?"

హరినాథ్ పన్ను నొప్పి అని చెప్పేకి సిద్ధం చేసుకుని వచ్చాడు. ఆ మాట అనేలోపే లోపలి నుంచి నర్సు చీటీ పట్టుకుని వచ్చి, వరండా అంతా వినేటట్టు చదివింది. "హరినాథ్, కళ్యాణదుర్గం. దవడ కీలు. నోరు తెరుచుకోదు."

ఇంద్రాణి నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. "ఎన్ని వేళ్ళు?" అంది.

"ఏం వేళ్ళు?"

"నోట్లో నిలువుగా ఎన్ని వేళ్ళు పడతాండాయి? మామూలుగా మూడు పట్టల్ల."

మాస్కు కిందనుంచి ప్రయత్నం చేశాడు. ఒకటిన్నర. ఆమె ఆ ఒకటిన్నరను చూసింది. అతను మాస్కు సర్దుకుని లోపలికి పోబోతుంటే వెనక నుంచి చెప్పింది. "బయటికొచ్చినాక పోవద్దు. టీ అంగడి కాడ కూర్చో."

డాక్టర్ చంద్రిక చెవుల ముందర వేళ్ళు పెట్టి నోరు తెరిపించింది, మూయించింది. కీలు అలసిపోయిందని, రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతున్నాడని, బుగ్గల కండరాలు రాయిలాగా ఉన్నాయని చెప్పింది. ఇట్లాంటివి చాలావరకు కోతలు లేకుండానే సర్దుకుంటాయట. నిద్రలో పళ్ళ మీద పెట్టుకునేకి ఒక తొడుగు చేయిస్తానంది. వేడి గుడ్డ కాపడం, అద్దం ముందర నోరు మెల్లగా వంకర పోకుండా తెరవడం, మెత్తటి తిండి, రెండు వైపులా నమలడం. నెలా పదిహేను రోజుల్లో తేడా తెలుస్తుందంది.

"శనక్కాయలు?" అని అడిగాడు హరినాథ్.

"అవి అసలే వద్దు. మూడు నెలల దాకా వాటి పేరు ఎత్తకండి."

మీ అంగడి మూసేయండి అన్నట్టు వినబడింది.

*

టీ అంగడి దగ్గర ఆగాల్సిన పని అతనికి లేదు. పన్నెండున్నర బస్సు దొరికేది. అయినా ఆగాడు. ఎందుకు ఆగాడో అప్పుడు లెక్క వేసుకోలేదు. అతని జీవితంలో లెక్క వేసుకోకుండా చేసిన మొదటి పని అదే.

ఇంద్రాణి వచ్చి రెండు టీలు చెప్పింది. చల్లారనిచ్చి తాగమంది. తర్వాత తన సంగతి చెప్పింది. యూనిట్‌లో నలభై మిషన్ల మోత, పైనుంచి టార్గెట్ల తొందర. రోజంతా పళ్ళు బిగపట్టి పనిచేస్తున్నట్టు తనకే తెలియదు. రెండేళ్ళ కిందట ఒకనాడు తోటి పిల్ల ఏదో అంటే పగలబడి నవ్వింది, నోరు అట్లాగే ఇరుక్కుపోయింది. చెవిపోటని మూడు నెలలు చెవిలో మందు పోసుకుంది. నెల రోజులు గంజి తాగింది. చివరికి ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు అన్నీ తింటుంది. ఆరు నెలలకొకసారి తొడుగు చూపించుకుని పోతుంది.

అంతా చెప్పి గ్లాసు కింద పెట్టింది.

"అయితే మా కాయల్లో చేదు లేదు."

"లేదు."

"నమలనే లేదు గదా, ఎట్ల తెలుసు?"

"పిడికిట్లో పట్టుకుంటేనే తెలిసింది. ఈ ఏడు నేను చూసినవాట్లో మంచి సరుకు మీదే."

ఆ మాట విని సంతోషపడుతుందనుకున్నాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాలుగు దినాల నుంచి ఒక్క యాపారి రాలేదప్పా. ఏడాదేడాదీ మా నాయన దగ్గర విత్తనం తీసుకునేటోళ్ళు గూడా ఈసారి వేరే చూసుకుంటామంటాండారు. మా నాయన ఏం చేస్తాండాడో తెలుసా? పొద్దున లేస్తే రాశి కాడ కూర్చోని తన కాయలు తానే నముల్తాండాడు. చేదు యాడుండాదో అని."

హరినాథ్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. మరుసటి రోజే వచ్చి, మంచి ధరకు రాశి మొత్తం తానే ఎత్తుకుంటానన్నాడు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదన్నాడు. వ్యాపారిగా అతనికి తెలిసిన పరిహారం అదే.

"కొంటే రాశి పోతాది. చెడ్డపేరు ఈడే ఉంటాది," అంది ఇంద్రాణి. "పారేసింది పదిమంది ముందర. చెప్పేది గూడా పదిమంది ముందరే చెప్పల్ల."

"చెప్పినానంటే నా యాపారం ఆ పొద్దే అయిపోతాది."

"చెప్పకపోతే మాది అయిపోతాది. నువ్వు లెక్కల మనిషివి గదా, ఏది న్యాయమో చూసుకో." లేచి నిలబడింది. "శనివారం కళ్ళాల కాడ అందరూ ఉంటారు. నేనైతే ఎవరితోనూ చెప్పను. అది నువ్వు చెప్పాల్సిన మాట. నీ నంబరియ్యి."

"ఎందుకు?"

"నీ మీద కోపముండాది గానీ నీ దవడ మీద లేదు. డాక్టరమ్మ చెప్పింది నువ్వు చేసే రకం మాదిరి లేవు."

*

ఆ రాత్రి నుంచే ఫోన్‌కు మెసేజీలు మొదలయ్యాయి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. యూనిట్‌లో పిల్లలను అదిలించినట్టే.

"పళ్ళు?" అని వచ్చేది.

"దూరం," అని పంపేవాడు.

"నాలుక?"

"పైన."

పెదాలు కలవాలి, పళ్ళు కలవకూడదు, నాలుక కొన పైపళ్ళ వెనక ఆనాలి. వింటే ఏముంది అనిపిస్తుంది. హరినాథ్ రోజంతా గమనించుకుంటే తెలిసింది, తాను ధర మాట్లాడుతున్నా, బండి నడుపుతున్నా, చివరికి స్నానం చేస్తున్నా పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. ఎవరితో పోట్లాడుతున్నాడో మాత్రం తెలియలేదు.

మూడోరోజు కాస్త ధైర్యం వచ్చి, "పెదాలు ఒంటరిగా ఎంతసేపని కలిసుంటాయి?" అని పంపాడు.

గంట సేపు జవాబు లేదు. ఆ గంటలో హరినాథ్ ఫోన్‌ను పద్దెనిమిదిసార్లు తీసి చూశాడు. చివరికి వచ్చింది.

"అన్నా, వేడి గుడ్డ పెట్టుకో."

ఆ అన్నా అన్నది ఎంత దెబ్బో అనంతపురం జిల్లాలో పుట్టినవాడికే తెలుస్తుంది. హరినాథ్ బుద్ధిగా వేడి గుడ్డ పెట్టుకున్నాడు. రెండు రోజులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని జవాబులిచ్చాడు. ఆ తర్వాత ఆమే, తొడుగు పెట్టుకుంటే మాట ఎట్లుంటాదో వినల్లని ఫోన్ చేసింది. అతను తొడుగు పెట్టుకుని మాట్లాడితే పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు విని, అంత నవ్వొద్దు, మళ్ళీ ఇరుక్కుంటాది అన్నాడు. నవ్వు ఇంకా ఎక్కువైంది. ఒకటిన్నర వేళ్ళు రెండయ్యాయి.

శనివారం వచ్చింది.

హరినాథ్ పొద్దున్నే తయారై బండి దాకా పోయాడు. ఆగి ఆలోచించాడు. కొనుగోలు కాలం ఇంకా మూడు వారాలే. ఈ మూడు వారాలు ఎట్లాగో నెట్టుకొస్తే, ఆ తర్వాత చెప్పినా పెద్దగా నష్టం ఉండదు. బయ్యన్నకు మూడు వారాలు ఆలస్యం, తనకు ఏడాది వ్యాపారం నిలబడుతుంది. ఎట్లా చూసినా ఆ లెక్కలో తప్పు కనబడలేదు. పామిడిలో పని ఉందని నాయనకు చెప్పి అటు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఒక మెసేజీ వచ్చింది. "పదిమందీ వచ్చినారు. నువ్వు రాలేదు."

ఆ తర్వాత పళ్ళు ఎక్కడున్నాయని గానీ, నాలుక ఎక్కడుందని గానీ ఎవరూ అడగలేదు. ఆదివారం పోయింది. సోమవారం పోయింది. మంగళవారం పొద్దున అద్దం ముందర నోరు తెరిస్తే రెండు వేళ్ళు మళ్ళీ ఒకటిన్నర అయ్యాయి. తొడుగు అదే, కాపడం అదే, సంగటి అదే. లేనిదల్లా ఒక్కటే. హరినాథ్ అద్దంలో తన మొహం చాలాసేపు చూసుకున్నాడు. శనివారం వేసిన లెక్కలో ఒక మనిషిని వదిలేశాడని అప్పుడు తెలిసింది.

బయట ఆకాశం తూర్పున నల్లబడుతోంది. తీరాన వాయుగుండం ఉందనీ, సాయంత్రానికి వాన వస్తుందనీ టీవీలో చెబుతున్నారు. వాన కోసం ఏడాదంతా మొహం వాచి చూసే నేల అది. కళ్ళంలో రాశి ఉన్నప్పుడు మాత్రం వాన రాకూడదు. కొనేవాడు లేక పడి ఉన్న ఆ రాశి ఒక్కసారి తడిస్తే నిజంగానే బూజు పడుతుంది. తాను అబద్ధంగా వేసిన మచ్చ నిజమవుతుంది.

వంటింట్లో నాయన సంగటి తింటున్నాడు. హరినాథ్ ఎదురుగా కూర్చుని, తన దవడ చెడిందని, బయ్యన్న రాశిని నమల్లేక పారేశానని, ఇప్పుడే పోయి అందరికీ చెబుతానని ఒక్క గుక్కలో చెప్పేశాడు. రామాంజనేయులు చేయి కడుక్కున్నాడు. చెప్పులేసుకుని వచ్చి బండి వెనక కూర్చున్నాడు.

*

కళ్ళాల దగ్గర ఊరంతా ఉరుకుల్లో ఉంది. టార్పాలిన్ పట్టలు మోసేవాళ్ళు, మూటలు కుట్టేవాళ్ళు. ఓబులేష్ లారీ నిలబెట్టి, హమాలీ కుళ్ళాయప్పతో మూటలు ఎక్కిస్తున్నాడు. బయ్యన్న, అతని భార్య సుబ్బరత్నమ్మ, ఇంద్రాణి తమ రాశి చుట్టూ మట్టికట్ట వేస్తున్నారు. వాళ్ళకు సాయం పట్టేవాళ్ళు ఎవరూ లేరు. హరినాథ్‌ను చూసి ఇంద్రాణి పార ఆపలేదు.

హరినాథ్ ఆ రాశి పక్కన నిలబడి గొంతెత్తాడు. దవడ నొప్పి పుట్టింది. అయినా అందరికీ వినబడేంత తెరిచాడు.

"అందరూ ఒక మాట వినండి. ఆ పొద్దు నేను బయ్యన్న మామ గింజ పారేసింది చేదై కాదు. నా దవడ కీలు చెడింది. కొరకబోతే ఇరుక్కుపోయింది. సిగ్గుపడి చెప్పలేదు. ఈ రాశిలో తప్పు లేదు. తప్పు నా నోట్లో ఉండాది."

పారలు ఆగాయి. బయ్యన్న మెల్లగా రాశి అంచున కూర్చున్నాడు. రెండు వారాలుగా మోస్తున్న బరువు దించినవాడిలాగా.

మొదట నోరు విప్పింది ఓబులేష్. ముప్పై రెండు పళ్ళూ కనబడ్డాయి. "అయితే నీకింక యాపారమెట్లప్పా? సంగటి మింగి ధర చెప్తావా?"

జనం నవ్వారు. ఇదే జరుగుతుందని హరినాథ్‌కు ముందే తెలుసు. తెలిసే వచ్చాడు.

ఇంద్రాణి పార పక్కన పెట్టింది. రాశి అడుగు నుంచి ఒక కాయ తీసి చిట్లించింది. అతని పక్కకు, భుజం తగిలేంత దగ్గరికి వచ్చింది.

"నేను కొరుకుతా. నువ్వు విను."

"నీ దవడకు..."

"నాది ఎప్పుడో బాగైంది. నాలుగు గింజలకేం గాదు. విను."

గాలి హోరు. దూరంగా ఉరుము. హరినాథ్ కళ్ళు మూసుకుని ఆమె బుగ్గ వైపు చెవి వంచాడు. గింజ విరిగింది. చిన్న చప్పుడు, ఎండుపుల్ల విరిగినట్టు, చివర్లో కాస్త మెత్తదనం. ఇన్నేళ్ళూ తన నోట్లో విన్న చప్పుడే. నోరు తనది కాకపోయినా చెవి తనదే.

"రాశి పోయకముందు ఏడు దినాల ఎండ," అన్నాడు. "మధ్యలో ఒకపూట మబ్బు పట్టింది."

"నిజమే," అన్నాడు బయ్యన్న. "గంగమ్మ పూజ దినం మధ్యాన్నం."

ఇంద్రాణి ఊరుకోలేదు. లారీ దగ్గరికి పోయి, ఓబులేష్ అప్పుడే కొన్న మూటలోంచి ఒక కాయ తెచ్చి కొరికింది. హరినాథ్ ఒకసారి విని తల అడ్డంగా ఊపాడు. ఇంకా పచ్చి, రెండు దినాలు ఎండల్ల అన్నాడు. ఓబులేష్ ఆ మూటలోంచి ఇంకో కాయ తీసి నమిలాడు. నమిలి, కుళ్ళాయప్పను ఆ మూటలు పక్కన పెట్టమన్నాడు. తర్వాత బయ్యన్న రాశి దగ్గరికి వచ్చి ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. అందరి ముందూ నమిలాడు. మింగాడు.

"తీపి," అన్నాడు. "ధర చెప్పు బయ్యన్నా."

"ముందొచ్చింది నా కొడుకు," అన్నాడు రామాంజనేయులు. పొద్దుట్నుంచి అతను మాట్లాడిన మొదటి మాట అది. తర్వాత కొడుకు వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "మీ తాత కొరికేటప్పుడు కండ్లు మూసుకునేటోడు. రుచి చూస్తాండాడనుకున్యా. వింటాండాడు."

ఇద్దరు కొనేవాళ్ళు పోటీపడితే ధర సంగతి చెప్పాలా? చివరికి హరినాథ్ కొన్న సగం రాశి, వాన తరుముతుంటే ఓబులేష్ లారీకే ఎక్కింది. విత్తనానికి ఉంచుకున్న మిగతా సగానికి పట్ట కప్పేకి ఇప్పుడు ఇరవై చేతులు వచ్చాయి. కొన ఒకవైపు ఇంద్రాణి పట్టుకుంది, రెండోవైపు హరినాథ్ పట్టుకున్నాడు. వాన మొదటి చుక్క ఆమె ముక్కు మీద పడింది. రెండోది అతని చెవి మీద. ఆ తర్వాత చుక్కలు ఎవరి మీద పడుతున్నాయో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

చివరి రాయి పెట్టి, ఇద్దరూ పట్ట చాటున ఒదిగి నిలబడ్డారు. ఎర్రమట్టి వాసన లేచింది. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారి మెడ మీద గీతలు గీస్తున్నాయి. హరినాథ్ ఆ గీతలు చూడకూడదనుకుని వాననే చూశాడు. వాన కూడా అటే తీసుకుపోయింది.

"ఇంద్రాణీ, ఒక లెక్క చెప్తా. నువ్వు మాట్లాడిన దినాల్లో నా పళ్ళు కలవలేదు. నువ్వు మాట్లాడని మూడు దినాలూ విడిపోలేదు. తొడుగు అదే, మందు అదే. అంతకంటే నాకు చెప్పేకి రాదు."

ఆమె చున్నీ కొన పిండుకుంటూ నవ్వు ఆపుకుంది. "ఇప్పుడు నన్నడుగుతాండేది ఎవరు? నువ్వా, నీ దవడనా?"

"ఇద్దరమూ."

"దవడ మాట నేను నమ్మను. నొప్పి ఉన్నోళ్ళకు మందిచ్చినోళ్ళంతా మంచోళ్ళే." నవ్వు పోయింది, గొంతు మెత్తబడింది. "డాక్టరమ్మ నెలా పదైదు దినాలన్నాది గదా. బాగు చేసుకో. నొప్పి పోనీ, నాతో పని లేకుండా పోనీ. అప్పుడు గూడా నేను గుర్తొస్తే, మీ అమ్మానాయనల్ని తోడ్కోని రా. అంతవరకూ మెసేజీలు లేవు."

"లేకపోతే బాగవదేమో."

"అవుతాది. నాకు ఎవరూ లేకుండానే అయింది."

*

ఆ నలభై ఐదు రోజులూ హరినాథ్ ఎవరూ అడగకుండానే పళ్ళు దూరంగా పెట్టాడు. కొనుగోళ్ళు ముగిసేదాకా కళ్ళాలకు నాయనను వెంటబెట్టుకుని పోయేవాడు. కట్టుడు పళ్ళతో నాయన కొరికేవాడు, కొడుకు వినేవాడు. ఈ వింత చూడాలని కొందరు రైతులు కబురు పెట్టి మరీ పిలిచారు. రైతులు పోతారని భయపడ్డాడు గానీ, వాళ్ళు పోలేదు సరికదా, ఒక్కొక్కరూ తమ ఇంట్లో ఎవరి దవడ ఎప్పుడు పట్టేసిందో చెప్పి వెళ్ళారు. తిమ్మమ్మ అనే ముసలామె మాత్రం, తనకు చెవిపోటని పదేళ్ళుగా మందు పోస్తున్నారని చెప్పి, డాక్టర్ చంద్రిక అడ్రసు రాయించుకుని పోయింది.

రోజులు లెక్కపెట్టడం అతనికి కొత్త కాదు. ఇన్ని నెమ్మదిగా నడిచిన రోజులను లెక్కపెట్టడం కొత్త. నలభై ఆరో రోజు డాక్టరు చూసి, కీలు నున్నగా ఆడుతోందని, ఇంక నెలకొకసారి కనబడితే చాలని చెప్పింది. అతను ఆస్పత్రి నుంచి ఇంటికి పోయి, మరుసటి రోజు పొద్దున్నే అమ్మానాయనలను ఆటోలో ఎక్కించుకుని, నేరుగా కంబదూరు దారి పట్టాడు.

ఆదివారం. ఇంద్రాణి రాయదుర్గం నుంచి వచ్చి ఉంది. వాకిట్లో విత్తనం కాయలు వలుస్తూ, వచ్చినవాళ్ళను చూసి లేచి చేతులు దులుపుకుంది. పెద్దవాళ్ళు మంచాల మీద కూర్చున్నారు. ఎందుకు వచ్చారో అందరికీ తెలుసు కాబట్టి అందరూ కంది ధర మాట్లాడుకుంటున్నారు. సుబ్బరత్నమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చి, లోపలికి పోకుండా గుమ్మంలోనే నిలబడింది.

ఇంద్రాణి హరినాథ్ ముందుకు వచ్చింది. పెద్దవాళ్ళు ఉన్నారని గొంతు తగ్గించలేదు.

"నొప్పి?"

"లేదు."

"చప్పుడు?"

"లేదు. పొద్దున జొన్నరొట్టె తిన్యా."

"మళ్ళీ ఈడికెందుకొచ్చినావు?"

కంది ధర సగంలో ఆగిపోయింది.

"నొప్పి ఉన్నప్పుడు పొద్దుకు మూడుసార్లు గుర్తొచ్చేదానివి," అన్నాడు హరినాథ్. "నొప్పి పోయినాక లెక్క తప్పిపోయింది."

ఇంద్రాణి మొహం తిప్పుకుంది. చెవులు ఎర్రబడడం మాత్రం దాగలేదు. పుష్పావతి కొంగుతో కళ్ళొత్తుకుని, పిల్లను తన పక్కన కూర్చోమంది. కూర్చునే ముందు ఇంద్రాణి ఒక మాట తేల్చుకోవాలంది.

"పెండ్లయినాక గూడా నేను పనికి పోతా. కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం బస్సు పొద్దున ఆరున్నరకు."

"బస్టాండు దాకా నేను దించుతా," అన్నాడు హరినాథ్.

"రోజూనా?"

"రోజూ."

బయ్యన్న నవ్వాడు. గింజ పారేసిన రోజు తర్వాత హరినాథ్ అతని నవ్వు చూడడం అదే మొదలు. "మాటిచ్చే ముందర ఆలోచించుకో నాయనా. చలికాలం గూడా వస్తాది."

"ఆలోచించుకునేకి మీ పాప నలభై ఐదు దినాలిచ్చింది మామా," అన్నాడు హరినాథ్. "నాకు ఒక్కటి గూడా అక్కర్లేకపోయింది."

బయ్యన్న రామాంజనేయులు వైపు చూశాడు. రామాంజనేయులు సుబ్బరత్నమ్మ వైపు చూశాడు. ఆమె గుమ్మం వదిలి, పాయసానికి బెల్లం కొట్టేకి లోపలికి వెళ్ళింది.